కనపడే అడుగుల చప్పుడు

మా అక్కవాళ్లది గిద్దలూరు. పోయిన వేసవిలో ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లేసరికి, ముందు గదిలో నలుగురు కుర్రాళ్లు చాప మీద వరసగా కూర్చుని ఫోన్లలో ఆట ఆడుతున్నారు. బీజీఎంఐ. మన పిల్లలు ఇప్పటికీ పబ్జీ అనే అంటారు. ముగ్గురి చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. నాలుగోవాడి చెవులు ఖాళీ. వాడు మా మేనల్లుడు. వాడికి పుట్టుకతోనే వినపడదు.

నేను గడప దగ్గరే నిలబడి చూస్తున్నాను. పక్కనున్న స్నేహితుడు తన ఫోన్ మీద నుంచి చూపు తిప్పకుండానే, వాడి కుడి మోకాలి మీద రెండు వేళ్లతో టకటకా తట్టాడు. వీడు చటుక్కున ఆటలో కుడివైపుకు తిరిగి, ఇంటి గుమ్మంలోకి వస్తున్న శత్రువును పడగొట్టేశాడు. ఇంకాసేపటికి వీపు మీద ఒకే ఒక్క తట్టు. వీడు వెనక్కి తిరిగాడు కానీ కాల్చలేదు. చెట్టు చాటుకు వెళ్లి కాచుకున్నాడు. ఆట అయ్యాక అడిగితే ఆ పిల్లలు నాకు వివరంగా చెప్పారు. కుడి మోకాలు తడితే కుడివైపు, ఎడమ మోకాలు తడితే ఎడమవైపు, వీపు మీద తడితే వెనకవైపు. ఒక్క తట్టు అంటే శత్రువు దూరంగా ఉన్నాడని, టకటకా తడితే మీదికొస్తున్నాడని. ఎవరూ నేర్పలేదు. వాళ్లలో వాళ్లే కట్టుకున్న భాష అది.

ఈ ఆటలు ఆడని పెద్దవాళ్ల కోసం ఒక్క సంగతి చెప్పాలి. బీజీఎంఐలో వందమంది దాకా ఒక దీవిలో దిగుతారు. చివరిదాకా మిగిలినవాళ్లు గెలిచినట్టు. గోడవతల ఉన్నవాడు కంటికి కనపడడు. చెవికి మాత్రం దొరికిపోతాడు. చెక్క నేల మీద నడిస్తే ఒక చప్పుడు, గడ్డిలో నడిస్తే ఇంకొకటి. దూరంగా కారు వస్తే తెలుస్తుంది. తుపాకీ మోతను బట్టి అది ఏ తుపాకీయో కూడా చెప్పేస్తారు. అందుకే జట్టులో పిల్లలు ‘మైక్ ఆన్ చెయ్, ఇన్ఫో ఇవ్వు’ అని ఒకటే అరుపులు. సగం ఆట కళ్లతో ఆడితే, మిగతా సగం చెవులతో ఆడతారు. ఆ రెండో సగమే లేనివాడు ఏం చేయాలి? మా మేనల్లుడికి మోకాలు ఉంది, పక్కన మంచి స్నేహితుడు ఉన్నాడు. అందరికీ ఉండరు కదా.

కొద్దిగా వినపడేవాళ్ల కష్టం వేరు. చెవి మెషిన్ పెట్టుకునే పిల్లలు దాని మీద హెడ్‌ఫోన్ బిగిస్తే అది కీచుమని మోగుతుంది, తీసేస్తే ఏమీ వినపడదు. ఒక చెవే పనిచేసేవాళ్లకు చప్పుడు వస్తుంది కానీ దిక్కు రాదు. ఎందుకంటే చప్పుడు ఎటునుంచి వచ్చిందో మనకు చెప్పేది రెండు చెవుల మధ్య ఉండే చిన్న తేడా. ఒక చెవికి ఒక క్షణం ముందు, రెండో చెవికి ఒక క్షణం వెనక, ఒకదానికి కాస్త గట్టిగా, ఇంకోదానికి కాస్త మెల్లగా. ఆ తేడాను బట్టే మెదడు దిక్కు కడుతుంది. ఒక చెవి పోతే ఆ లెక్క మొత్తం పోతుంది. ‘నీకు కొంచెం వినపడుతుందిగా, ఇంకేం’ అని వీళ్లతో అంటుంటాం. ఆటలో ఆ కొంచెం ఎందుకూ కొరగాదు.

దీనికి పరిష్కారం ఉంది. కష్టమైంది కూడా కాదు. వినపడేదాన్ని కనపడేలా చేయడమే. బీజీఎంఐలోనే తెర మూల ఒక చిన్న పటం ఉంటుంది. దగ్గరలో ఎవరైనా నడిస్తే దాని మీద పాదాల గుర్తు, తుపాకీ పేలితే తూటా గుర్తు మెరుస్తాయి. మా వాడి చూపు ఎప్పుడూ ఆ మూలకే అతుక్కుని ఉంటుంది. అయితే ఆ గుర్తు చిన్నది, కనపడీ కనపడకముందే మాయమైపోతుంది, శత్రువు మేడ మీద ఉన్నాడో కింద ఉన్నాడో సరిగ్గా తెలియదని వాడి ఫిర్యాదు. ఫోర్ట్‌నైట్ అనే ఆట తయారుచేసిన ఎపిక్ గేమ్స్ వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. తెర నడుమ గుండ్రటి వలయం ఒకటి పెట్టి, అడుగులు, కాల్పులు, నిధి పెట్టె ఏ దిక్కున ఉన్నాయో ఆ దిక్కునే బొమ్మ వెలిగేలా చేశారు. ముందు మొబైల్ ఫోన్లలో వచ్చింది, 2019 నాటికి కంప్యూటర్లకూ చేరింది.

ఆ ఏడాదే ఆ ఆటలోంచి ఒక పేరు బయటికొచ్చింది. సోలీల్ వీలర్. ఆటగాళ్ల లోకంలో ఈవాక్ అంటారు. అమెరికా కుర్రాడు, పుట్టుకతో వినపడదు. 2019లో ఫేజ్ క్లాన్ అనే పేరున్న జట్టు అతన్ని చేర్చుకుంది. అప్పటికి అతని వయసు 13 ఏళ్లు. జాలిపడి చేర్చుకోలేదు, ఆట చూసి చేర్చుకుంది. చప్పుళ్లు కంటికి కనపడ్డాక ఆ పిల్లాడి చెయ్యి ఎంత వేగంగా కదులుతుందో లోకానికి తెలిసింది.

మాటల సంగతీ అంతే. 2019 ఫిబ్రవరి 4న అపెక్స్ లెజెండ్స్ అనే ఆట వచ్చింది. అందులో ఒక్క మీట నొక్కితే చాలు, ‘ఇక్కడ శత్రువు ఉన్నాడు’, ‘ఇక్కడ తూటాలు ఉన్నాయి’, ‘అటు వెళ్దాం’ అని జట్టులో అందరి తెర మీదా గుర్తు పడుతుంది. దీన్ని పింగ్ అంటారు. నోరు తెరవకుండా, మైకు లేకుండా ఆట మొత్తం ఆడేయొచ్చు. దాని మీద హక్కులున్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 2021లో ఆ పేటెంటును, ఇలాంటి మరికొన్నింటిని ఎవరైనా వాడుకోవచ్చని ప్రకటించింది. వాళ్ల పోటీ కంపెనీలకూ ఆ మాట వర్తిస్తుంది. వ్యాపారంలో ఇది చిన్న విషయం కాదు. ఇక అమెరికాలో 2010లో చేసిన ఒక చట్టం, ఆటలో ఆటగాళ్లు మాట్లాడుకునే ఏర్పాటు వైకల్యం ఉన్నవాళ్లకూ అందుబాటులో ఉండాలని చెప్పింది. గేములకు ఇచ్చిన మినహాయింపు 2018 డిసెంబర్ 31తో ముగిసింది. ఆ తర్వాతే మాటను అక్షరాలుగా మార్చే సౌకర్యం చాలా ఆటల్లోకి వచ్చింది.

ఇక్కడ మన తెలుగువాళ్లు ఒకటి అడగాలి. ఆ అక్షరాలు ఏ భాషలో వస్తున్నాయి? మా మేనల్లుడికి ఇంగ్లీషు అంతంత మాత్రం. రాసే తెలుగు కూడా మనలా ఉండదు. సైగల భాషకు తన వ్యాకరణం తనకు ఉంది, మన వాక్యం అందులోకి నేరుగా వెళ్లదు. మన ఫోన్లు తెలుగు మాట వింటే తెలుగు అక్షరాలు చేసేస్తున్నాయి. మరి ఆటలో ఆ సౌకర్యం ఎందుకు ఉండకూడదు? అంతకంటే మంచిది బొమ్మ. పాదం గుర్తును ఏ భాషలోకీ మార్చక్కర్లేదు.

ఇప్పుడు నన్ను బాధపెట్టిన సంగతి చెప్తాను. ఊరు పేరు, నిర్వాహకుల పేరు చెప్పను. ఆ వేసవిలోనే మా వాడి జట్టు ఒక టోర్నమెంటుకు వెళ్లింది. షామియానా వేశారు, పెద్ద తెర పెట్టారు, బహుమతి డబ్బు కూడా బాగానే ఉంది. నిబంధన ప్రకారం ఆటగాళ్లను ఎడంగా, వేర్వేరు కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఒకరినొకరు ముట్టుకోకూడదు. అంటే మోకాలి భాష అక్కడితో ఆగిపోయింది. సరే, చిన్న పటం ఉందిగా అనుకున్నాడు. ఇంతలో ఆటలోకి వెళ్లడానికి కావాల్సిన రూమ్ ఐడీ, పాస్‌వర్డ్ మైకులో చదివారు. అందరూ టైప్ చేసుకుంటున్నారు. వీడు అటూ ఇటూ చూస్తున్నాడు. స్నేహితుడు లేచి వచ్చి చూపించబోతే కూర్చోమన్నారు. పాస్‌వర్డ్ వీడి చేతికి అందేలోపు రూమ్ మూసేశారు. ముగ్గురే ఆడారు, మొదట్లోనే బయటికొచ్చేశారు. ఆ రాత్రి వాడి దగ్గర్నుంచి నాకు వాట్సాప్ వచ్చింది. ‘మామా, ఓడలేదు. చెప్పలేదు.’ అంతే. రెండు ముక్కలు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరూ కావాలని చేసింది కాదని నాకు తెలుసు. ఆ కుర్రాళ్లు కష్టపడి చందాలు పోగుచేసి పెట్టుకున్న టోర్నమెంటు అది. కానీ ఆ ఆరంకెల పాస్‌వర్డును ఒక పలక మీద రాసి పైకెత్తి చూపించి ఉంటే సరిపోయేది. పలకలకు పేరుపడ్డ మార్కాపురాన్ని పక్కన పెట్టుకుని మనకు పలక గుర్తు రాలేదా?

మార్కాపురం పలకల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో మన కొండరాయి మీద అక్షరాలు దిద్దారు. మా పెదనాన్న పాతికేళ్లకు పైగా ఒక పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే రంపం దగ్గర పనిచేశాడు. ఆ రంపం తిరుగుతుంటే పక్కవాడు కేక వేసినా వినపడదు. అందుకని అక్కడ పనివాళ్లంతా చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు. నోటి దగ్గర బొటనవేలు ఎత్తితే నీళ్లు, రెండు చేతులు దూరం చేస్తే పెద్ద రాయి, అరచెయ్యి బోర్లిస్తే ఆపు. మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నా ఆ చేతులు ఆగేవి కావు. పని మానేసే నాటికి పెదనాన్నకు రెండు చెవులూ దాదాపు పోయాయి. తర్వాత ఆయన మంచం పక్కన ఎప్పుడూ ఒక పలక ఉండేది. చట్రం ఒక మూల విరిగిన పలక, దారంతో కట్టిన బలపం, తుడవడానికి తడిగుడ్డ. ‘అన్నానికి రా’, ‘పింఛను వచ్చింది’, ‘వాన పడేలా ఉంది’ అని ఇంట్లో అందరం రాసి చూపించేవాళ్లం. మా ఇంట్లో చిన్నపిల్లలకు అక్షరాలు తొందరగా వచ్చింది తాతకు కబుర్లు చెప్పాలనే.

ఫోర్ట్‌నైట్ వలయమైనా, అపెక్స్ పింగ్ అయినా ఆ పలక చేసే పనే చేస్తున్నాయి.

కొందరు కుర్రాళ్లు నన్ను నిలదీశారు. ‘అన్నా, చప్పుడు కంటికి కనపడితే అది మోసం కాదా? గోడవతల వాడు తెలిసిపోతాడు కదా?’ అని. మంచి ప్రశ్నే. నా సమాధానం ఇది. గోడవతల వాడు చెవికి ఎలాగూ తెలిసిపోతున్నాడు. ఆ తెలివిడి ఆటలో ఉండాలని ఆట కట్టినవాళ్లే పెట్టారు. మరి దాన్ని ఒక దారిలోనే ఎందుకు ఇవ్వాలి? ఖరీదైన హెడ్‌ఫోన్ కొన్నవాడికి అడుగులు స్పష్టంగా వినిపిస్తాయి, యాభై రూపాయల ఇయర్‌ఫోన్ వాడికి వినిపించవు. దాన్ని ఎవరూ మోసం అనలేదే. ఫోర్ట్‌నైట్‌లో ఆ సౌకర్యం అందరికీ ఇచ్చారు. బాగా వినపడేవాళ్లు, పెద్ద పెద్ద ఆటగాళ్లు కూడా అది పెట్టుకుని ఆడుతున్నారు. అందరికీ ఒకే సదుపాయం ఉన్నప్పుడు మోసం అన్న మాట ఎక్కడ నిలుస్తుంది?

ఇంకో విషయం. పెద్ద పోటీల్లో వేదిక మీద ఆడేవాళ్ల చెవుల్లో చిన్న ఇయర్‌ఫోన్లు, వాటి మీద పెద్ద హెడ్‌ఫోన్లు, వాటిలో హోరు మోత పెడతారు. చూసేవాళ్ల కేకలు విని శత్రువు ఎక్కడున్నాడో పసిగట్టకూడదని. అంటే అక్కడ వినపడేవాళ్లను కూడా కావాలని వినపడనివాళ్లను చేస్తున్నారు. పోటీ సమంగా ఉండాలంటే చెవి సంగతి చూసుకోవాలని వాళ్లకు తెలుసు. ఆ చూసుకోవడం మన పిల్లాడి దాకా రావాలి.

మైదానంలో ఆడే ఆటలకు ఈ పాఠం ఎప్పుడో వచ్చింది. బధిరుల ఒలింపిక్స్ 1924లో పారిస్‌లో మొదలయ్యాయి. పరుగు పందెంలో తుపాకీ పేల్చడానికి బదులు దీపం వెలిగిస్తారు. బాగా వినపడే చెవిలో కూడా కనీసం 55 డెసిబెళ్ల లోపం ఉన్నవాళ్లకే అందులో చోటు. పోటీ జరుగుతుండగా చెవి మెషిన్లు పెట్టుకోకూడదు. అందరూ ఒకే నిశ్శబ్దంలో ఆడతారు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన ఆ పోటీల్లో మన కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రీన్ టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో పృథ్వీ శేఖర్‌తో కలిసి కాంస్యం గెలిచింది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవే. ఆ లెక్కన ఆమె మన ఆడబిడ్డే. టెన్నిస్‌లో బంతి రాకెట్టుకు తగిలిన చప్పుడును బట్టి అది ఎంత వేగంతో వస్తుందో అంచనా వేస్తారు. ఆమె అది లేకుండా ఆడింది. అదే పోటీల్లో హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం కొట్టాడు. 2025లో టోక్యోలో మళ్లీ కొట్టాడు.

చెవి పనిచేయకపోతే కన్ను ఆ పనిలో కొంత అందుకుంటుందని శాస్త్రజ్ఞులూ గమనించారు. డాఫ్నే బవేలియర్ అనే పరిశోధకురాలు చాలాకాలం అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. పుట్టుకతో వినపడనివాళ్లకు చూపు అంచుల్లో జరిగేదాని మీద ధ్యాస ఎక్కువగా ఉంటుందని ఆమె, ఆమెతో పనిచేసినవాళ్లు చూపించారు. ఎదురుగా చూస్తూనే పక్కన ఏం కదిలిందో కనిపెడతారన్నమాట. షాన్ గ్రీన్‌తో కలిసి 2003లో నేచర్ పత్రికలో వీడియో గేములు ఆడేవాళ్ల చూపు ధ్యాస గురించి పేరున్న వ్యాసం రాసింది కూడా ఆమే. ఎదురుగా తుపాకీ గురిపెట్టి, తెర మూలన చిన్న పటాన్నీ వదలకుండా చూసే మా మేనల్లుడిని తలచుకుంటే నాకు ఆమె పరిశోధన గుర్తొస్తుంది. వాడికి లేనిది ఏమిటో మనం లెక్కపెడుతూ కూర్చున్నాం. ఉన్నదాన్ని ఇంకా చూడలేదు.

మన సామెత ఒకటి ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావు అన్నాడట. ఇన్నాళ్లూ దీన్ని చెప్పుకుని నవ్వాం. నాకు ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆ మనిషి ఊదేవాడి నోటిని, చేతిని శ్రద్ధగా చూశాడు. చూసిందాన్ని బట్టి అడిగాడు. అది శంఖం, ఊదుతున్నాను అని ఎవరైనా రాసి చూపించారా? వినపడని పిల్లలను ‘మూగోడు’ అని పిలవడం కూడా ఇక మానేద్దాం. పిల్లలకు పేర్లు ఉన్నాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షల మందికి పైగానే. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వాళ్లకు క్రీడల్లో పాల్గొనే హక్కు ఉందని గుర్తించింది, దానికి తగ్గ ఏర్పాట్లు చేయాలని ప్రభుత్వాలకు చెప్పింది. 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే వీడియో గేముల పోటీలను, బహుళ క్రీడల పోటీల్లో భాగంగా క్రీడల శాఖకు అప్పగించింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందాల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించింది. ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదివితే, ఫోన్లో ఆడే పోటీ కూడా క్రీడే, అందులో మా మేనల్లుడికీ చోటు ఉండాలి. నిబంధనలు రాసేవాళ్లు ఈ ముక్క మర్చిపోకూడదని నా విన్నపం.

తల్లిదండ్రులకు ఒక్క మాట. వినపడే పిల్లల చెవులు కూడా జాగ్రత్త. వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2025 మార్చిలో గేముల కోసమే ప్రత్యేకంగా ప్రమాణాలు ప్రకటించారు. పెదనాన్న చెవులను రంపం తినేసింది. అది పొట్టకూటి కోసం. మన పిల్లల చెవులు ఇయర్‌ఫోన్లకు పోగొట్టుకోవాల్సిన అవసరం లేదు.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాల, యర్రగొండపాలెం, ఎక్కడైనా సరే, ఈ సెలవుల్లో టోర్నమెంట్లు పెట్టే తమ్ముళ్లు వింటుంటే వాళ్లను అడుగుతున్నాను. పేర్లు నమోదు చేసుకునేటప్పుడు ‘మీ జట్టులో వినికిడి లోపం ఉన్నవాళ్లు ఉన్నారా’ అని ఒక గడి పెట్టండి. మైకులో చెప్పే ప్రతి మాటా పెద్ద తెర మీద కూడా రాయండి. మ్యాచ్ మొదలయ్యేటప్పుడు బల్బు వెలిగించండి. జట్టులో ఒకరిని పక్కనే కూర్చోనివ్వండి, ముట్టుకోనివ్వండి. ఇవి చేయడానికి ఒక పలక, ఒక బల్బు, ఒక కుర్చీ చాలు.

ఇంకొక చివరి కోరిక. ఇంతసేపు నేను ఎవరి కోసం మాట్లాడానో వాళ్లు ఈ రేడియో వినలేరు. మీ వీధిలో, మీ ఇంట్లో, మీ పక్క పొలంలో అలాంటి పిల్లలు ఎవరైనా ఉంటే, ఈ నాలుగు మాటలు ఒక కాగితం మీదో, ఫోన్లోనో, పలక మీదో రాసి వాళ్లకు చూపించండి.